హెర్మన్ హెల్మ్‌హోల్ట్జు: సజీవనేత్రమున రక్తనాళములను దర్శించిన శాస్త్రజ్ఞుడు

మన దేహమునందు రక్తము ఎడతెగక ప్రవహించుచుండునని నేడు చిన్న తరగతుల బాలబాలికలు సైతము ఎరుగుదురు. ఇంగ్లాండు దేశపు వైద్యుడైన విలియం హార్వీ 1628వ సంవత్సరమున ఈ సత్యమును స్థాపించుచు గ్రంథమును ప్రకటించెను. ఇటలీ దేశస్థుడైన మాల్పీగి 1661వ సంవత్సరమున సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని పరిశీలించి, ధమనులను సిరలను కలుపు కేశనాళికలను కనుగొనెను. అయినను ఈ జ్ఞానము చాలవరకు జంతువులను కోసియు, మృతదేహములను పరీక్షించియు సంపాదింపబడినదే. బ్రతికియున్న మనుష్యుని శరీరములోపల రక్తనాళములు ఎట్లున్నవో, కత్తి తగులకుండ, రక్తబిందువు చిందకుండ, నొప్పి కలుగకుండ చూచుట అటుపిమ్మట రెండువందల యేండ్లవరకును వైద్యులకు సాధ్యము కాకుండెను.

ఆ పనిని వెలుగు సాయముతో సాధించినవాడు జర్మను శాస్త్రజ్ఞుడగు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జు. ఆయన ధనవంతుల బిడ్డ కాడు, బడిపంతులు కుమారుడు. బాల్యమున రోగి. పాఠములను కంఠస్థము చేయుటలో వెనుకబడినవాడు. వైద్యవిద్యను కోరి చదివినవాడును కాడు. ఇట్టివాడు లోకమునకు ఇంతటి ఉపకారమును ఎట్లు చేయగలిగెనో తెలిసికొనుట విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మిక్కిలి ప్రయోజనకరము.

హెల్మ్‌హోల్ట్జు 1821వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ప్రష్యా రాజ్యమందలి పోట్స్‌డాము పట్టణమున జన్మించెను. తండ్రి అచ్చటి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. భాషలయందును, తత్త్వశాస్త్రమునందును ఆయనకు మిక్కుటమైన ప్రీతి. జీతము స్వల్పము, సంసారము పెద్దది. బాలుడు మొదటి యేడు సంవత్సరములు తరచుగా జబ్బుపడి మంచము పట్టియుండెను. తోడిబాలురు వీధులలో పరుగులిడుచుండగా ఈతడు పడకపై కూర్చుండి కొయ్యదిమ్మలను పేర్చుకొని ఆడుకొనుచుండెను. ఆ యాటలో ఒక వింత జరిగినది. పిదప బడికి పోయి క్షేత్రగణితము నేర్వనారంభించినపుడు, ఉపాధ్యాయులు క్రొత్తగా చెప్పుచున్న సంగతులలో పెక్కింటిని ఈ బాలుడు కొయ్యదిమ్మల మూలమున ముందే గ్రహించియుండెను. గురువులు దీనికి ఆశ్చర్యపడిరి.

అయినను బడిలో ఆయనకు కష్టములు లేకపోలేదు. కుడి యేదో యెడమ యేదో వెంటనే తెలియకుండెను. ఒకదానితో ఒకటి సంబంధములేని మాటలను జ్ఞాపకముంచుకొనుట దుస్సాధ్యమయ్యెను. పరభాషల పదములు, వ్యాకరణమందలి అపవాదములు, గద్యపాఠములు ఆయనను బాధించుచుండెను. కాని కారణము తెలిసిన విషయము మాత్రము ఆయన మనస్సున గట్టిగా నిలిచెడిది. తరగతిలో లాటిను పాఠము జరుగుచుండగా ఈతడు బల్లచాటున కాగితముపై, దూరదర్శినిలో వెలుగుకిరణములు ఏ మార్గమున పోవునో గీతలు గీసికొనుచుండెడివాడు. అది మెచ్చదగిన నడవడి అని చెప్పరాదు గాని, ఆ గీతలే పిమ్మట ఆయనకు అక్కరకు వచ్చినవి.

పాఠశాల విడుచునాటికి హెల్మ్‌హోల్ట్జు మనస్సు భౌతికశాస్త్రముపై లగ్నమై యుండెను. కాని ఆ కాలమున ఆ శాస్త్రము కూడుపెట్టు విద్య కాదు. కుమారుని విశ్వవిద్యాలయమునకు పంపి పోషించు శక్తి తండ్రికి లేదు. బెర్లిను నగరమున సైనికవైద్యులను తయారుచేయు రాజకీయ విద్యాలయమొకటి ఉండెను. అందు చేరినవారి చదువుఖర్చు ప్రభుత్వమే భరించును. ప్రతిగా చదువు ముగిసిన పిదప ఎనిమిదేండ్లు సైన్యమున వైద్యుడుగా కొలువు చేయవలెను. వైద్యము చదివినచో అందులో కొంత భౌతికశాస్త్రమును నేర్చుకొనవచ్చునని తండ్రి హితవు చెప్పెను. కొడుకు విధేయుడై 1838వ సంవత్సరమున ఆ విద్యాలయమున చేరెను. కోరిన ద్వారము మూసికొనిపోయినదని ఆనాడు ఆ యువకుడు చింతిల్లియుండవచ్చును. ఆ మార్గముననే పోయియుండనిచో ఆయనకు కంటిని గూర్చిన జ్ఞానము అబ్బియుండెడిది కాదు.

బెర్లినులో యోహాన్నెస్ ముల్లరు అను మహావిద్వాంసుడు ఆయనకు గురువయ్యెను. 1841వ సంవత్సరమున హెల్మ్‌హోల్ట్జు సన్నిపాతజ్వరముతో షారిటే ఆసుపత్రియందు పడియుండెను. విద్యార్థియగుటచే చికిత్స ఉచితముగా జరిగెను. ఆ దినములలో ఖర్చు కాక మిగిలిన సొమ్ముతో, లేచి తిరుగుచునే, ఒక సూక్ష్మదర్శినిని కొనెను. అది ఉత్తమమైన యంత్రము కాదు. అయినను దానితోనే వెన్నెముకలేని జంతువుల నాడీతంతువులు నాడీకణములనుండి పుట్టుచున్నవని కనిపెట్టి, 1842వ సంవత్సరమున తన పట్టపరీక్షకై వ్యాసమును సమర్పించెను.

1843వ సంవత్సరమున ఆయన పోట్స్‌డామునందలి సైనికదళమున వైద్యుడుగా ప్రవేశించి, సిపాయిల బారకాసులలోనే చిన్న ప్రయోగశాల నేర్పరచుకొనెను. కండరములు పనిచేయునపుడు పుట్టు వేడిమిని అచ్చట పరిశోధించెను. 1847వ సంవత్సరము జూలై 23వ తేదీన బెర్లిను భౌతికశాస్త్ర సంఘమున, శక్తి రూపము మార్చుకొనునే గాని నశింపదని నిరూపించు వ్యాసమును చదివెను. అప్పటికి ఆయనకు ఇరువదియారేండ్లు నిండలేదు. నాటి ప్రసిద్ధ శాస్త్రపత్రిక దానిని ప్రకటింప నిరాకరించుటచే అది చిన్న పుస్తకముగా అచ్చుపడెను. నేడు అది శాస్త్రచరిత్రలో ఒక మూలగ్రంథము. మరుసటి యేడు హుంబోల్టు వంటి పెద్దల సహాయమున ఆయనకు సైనికోద్యోగమునుండి గడువునకు ముందే విడుదల కలిగెను. 1849వ సంవత్సరమున కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడై, ఓల్గా అను కన్యను వివాహమాడెను. అచ్చట 1850వ సంవత్సరమున, కప్పనాడిలో సంజ్ఞ సెకనునకు ఇంచుమించు 27 మీటర్ల వేగమున పోవుచున్నదని కొలిచెను. ఆ వేగమును కొలుచుట అసాధ్యమని పలువురు తలచియుండిన కాలమది.

ఆ సంవత్సరాంతముననే మన కథలోని ముఖ్యఘట్టము జరిగినది.

కంటి నడుమ నల్లగా కనుపించునది నిజముగా ఒక రంధ్రము. దానికి కనుపాప యని పేరు. వెలుగు దానిగుండ లోపలికి పోయి, వెనుకనున్న రెటీనా అను పలుచని పొరపై పడుటచేత మనకు చూపు కలుగుచున్నది. వైద్యుడు ఎంత నిదానించి చూచినను ఆ రంధ్రమున చీకటి తప్ప మరేమియు కానరాకుండెను. శుక్లము వంటి జబ్బు కంటి ముందుభాగమున ఉన్నచో గుర్తింపవచ్చును గాని, కన్ను నిర్మలముగా నుండి చూపు మాత్రము పోయినచో, కారణము తెలియక వైద్యుడు రోగితో సమానముగా చీకటిలో నుండవలసినవాడే. ఎందరో ఆ విధముగా కారణము తెలియకయే అంధులైరి.

రాత్రివేళ దీపము వెలుగునకు పిల్లికన్నులు మెరయుట అందరు చూచినదే. మనుష్యుని కన్నుగూడ, దీపమును సరియైన స్థలమున ఉంచినచో, ఎర్రగా మెరయునని హెల్మ్‌హోల్ట్జు మిత్రుడగు బ్రుకె 1847వ సంవత్సరమున చూపించెను. ఈ సంగతిని తన విద్యార్థులకు బోధించుటకై హెల్మ్‌హోల్ట్జు పాఠము సిద్ధపరచుకొనుచుండెను. అప్పుడు ఆయనకు ఒక ప్రశ్న తోచెను: కంటినుండి మరలివచ్చు ఆ వెలుగు ఎచ్చటికి పోవుచున్నది, అది ఏ వస్తువుయొక్క బింబమును మోసికొని వచ్చుచున్నది? బ్రుకె మెరుపును చూచెను గాని ఈ ప్రశ్నను వేసికొనలేదు.

సమాధానము సులభమే. దీపమునుండి వెలువడిన కిరణములు కంటిలోని కటకముచే వంగి రెటీనాపై కూడును. అచ్చటినుండి మరలునపుడు అదే కటకముగుండ, వచ్చిన దారినే, తిరిగి దీపమువద్దకే చేరును. కావున కంటి లోపలిభాగమును చూడగోరువాని కన్ను దీపమున్న చోటనే ఉండవలెను. కాని చూచువాడు దీపమునకు ముందు తల యుంచినచో వెలుగు అడ్డగింపబడును. దీపమునకు వెనుక నుంచినచో దాని మంటయే కన్నులకు మిరుమిట్లు గొలుపును. కనుపాప నల్లగా కనుపించుటకు ముఖ్యకారణము ఈ చిక్కే గాని, లోపల వెలుగు లేకపోవుట కాదు.

హెల్మ్‌హోల్ట్జు ఈ చిక్కును ఒక గాజుపలకతో విడదీసెను. చీకటిగదిలో దీపమును రోగికి ప్రక్కన ఉంచెను. రోగి కంటికి ఎదురుగా పలుచని గాజుపలకలను ఏటవాలుగా నిలిపెను. దీపపు వెలుగులో కొంత ఆ గాజుపై పడి ప్రతిఫలించి రోగి కంటిలో ప్రవేశించును. లోపలినుండి మరలివచ్చిన వెలుగులో కొంత తిరిగి దీపమువైపు పోవును. మిగిలినది గాజుగుండ నేరుగా సాగి, వెనుక నిలిచిన వైద్యుని కంటిని చేరును. ఈ విధముగా వైద్యుని కన్ను దీపమునకు అడ్డురాకయే, దీపము ఉన్నచోటనే ఉన్నట్లగును. బింబము స్పష్టపడుటకు నడుమ ఒక పుటాకార కటకము నుంచెను. అంతియే ఆ యంత్రము!

మొదటి యంత్రమును ఆయన అట్టముక్కలు, జిగురు, కంటియద్దముల కటకములు, సూక్ష్మదర్శినికి వాడు పలుచని గాజుబిళ్లలు కూర్చి తయారుచేసెను. అది సరిగా పనిచేయుటకు ఇంచుమించు ఎనిమిది దినములు పట్టెను. సిద్ధాంతము సరియైనదను గట్టి నమ్మకము లేకున్నచో ఆయన నడుమనే విడిచిపెట్టియుండెడివాడు. తుదకు సజీవుడైన మనుష్యుని రెటీనా ఆయన కన్నుల యెదుట సాక్షాత్కరించెను. నారింజవన్నె గల నేలపై దృష్టినాడి ప్రవేశించు చోటు పాలిపోయిన చిన్న వర్తులమువలె కనుపించెను. ఆ వర్తులము నడుమనుండి రక్తనాళములు చెట్టుకొమ్మలవలె నలుదెసల వ్యాపించియుండెను. వానిలో సన్ననివై, ప్రకాశవంతమైన ఎరుపు గలవి ధమనులు. కొంచెము లావై, ముదురువన్నె గలవి సిరలు. దేహములోపలి ధమనియు సిరయు ప్రక్కప్రక్కన, రక్తముతో నిండి, తమ పనిని తాము చేయుచుండగా చూచుట మనుష్యునకు ఇట్లు సాధ్యమైనది.

1850వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన ఈ సంగతి బెర్లిను భౌతికశాస్త్ర సంఘమునకు తెలుపబడెను. అదే నెలలో ఆయన తండ్రికి జాబు వ్రాయుచు, ఈ పనికి తాను పాఠశాలలో నేర్చిన వెలుగుపాఠము కంటె ఎక్కువ జ్ఞానము అక్కరలేదనియు, ఇంతకాలము తనకుగాని ఇతరులకుగాని ఇది తోచకపోవుట వింతయనియు తెలిపెను. 1851వ సంవత్సరమున యంత్రవర్ణనము పుస్తకరూపమున వెలువడెను. ఆయన దానికి కంటి అద్దమను అర్థమిచ్చు జర్మను పేరిడెను. లోకమున అది ఆఫ్తాల్మోస్కోపు అను పేర ప్రసిద్ధి గాంచెను.

క్రొత్తదానిని అందరు వెంటనే ఆదరింపలేదు. జబ్బుకంటిలోనికి అంతటి వెలుగును పంపుట అపాయకరమని ఒక వైద్యుడు పలికెను. చూపు తగ్గిన వైద్యులకు ఇది పనికిరావచ్చును గాని, తన కన్నులు బాగుగానే ఉన్నవి గనుక తనకు అక్కరలేదని మరియొకడు చెప్పెను. హెల్మ్‌హోల్ట్జు కంటె ముందే, 1847వ సంవత్సరమున, ఇంగ్లాండులో గణితజ్ఞుడగు చార్లెస్ బాబేజి ఇట్టి యంత్రమునే చేసి ఒక నేత్రవైద్యునకు చూపియుండెను. కాని ఆ వైద్యుడు దాని విలువను గ్రహింపకపోవుటచే అది మరుగున పడెను. హెల్మ్‌హోల్ట్జు వైద్యమును వెలుగుశాస్త్రమును రెండును ఎరిగినవాడు. యంత్రమును చేయుట మాత్రమే కాక, అందులో కనుపించునది ఏమో, దాని వలన ప్రయోజనమేమో ఆయనకు తెలిసియుండెను.

బెర్లినునందలి యువవైద్యుడు ఆల్బ్రెక్టు ఫాన్ గ్రాఫె ఆ యంత్రమును అత్యుత్సాహముతో స్వీకరించెను. నీటికాసులు అనబడు గ్లాకోమా రోగుల కంటిలో ధమనులు కొట్టుకొనుచుండుటను ఆయన కనిపెట్టెను. ఆరోగ్యవంతుల కంటిలో సిరలు మెల్లగా అదరుట కలదు గాని, ధమనులు అట్లు కొట్టుకొనుట కంటిలోని ఒత్తిడి హెచ్చినదనుటకు గురుతు. ఆ ఒత్తిడిని తగ్గించు శస్త్రచికిత్సను గ్రాఫె 1857వ సంవత్సరమున ప్రకటించి, అంతవరకు గతిలేక అంధులగుచుండిన పలువురి చూపును నిలిపెను. 1859వ సంవత్సరమున, హఠాత్తుగా ఒక కంటి చూపు పోయిన రోగిని పరీక్షించి, రెటీనాకు రక్తము తెచ్చు ధమనిలో గడ్డ అడ్డుపడుటయే దానికి కారణమని వర్ణించెను. వియన్నా నగరమున ఎడ్వర్డు యేగరు మధుమేహము గలవారి రెటీనాలో కలుగు మార్పులను 1856వ సంవత్సర ప్రాంతమున చిత్రించెను. ఇంగ్లాండులో విలియం గోవర్సు 1879వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున, మూత్రపిండములయొక్కయు, మెదడుయొక్కయు, రక్తపుపోటుయొక్కయు వ్యాధులు రెటీనా నాళములపై ఎట్లు గురుతులు విడుచునో వివరింపబడెను. కంటికొరకు పుట్టిన యంత్రము ఈ విధముగా సర్వదేహమందలి రక్తప్రసరణమునకు గవాక్షమయ్యెను.

ఈ కీర్తి కలిగినను హెల్మ్‌హోల్ట్జు విశ్రమింపలేదు. భార్య ఆరోగ్యము క్షీణించుటచే 1855వ సంవత్సరమున బాన్ నగరమునకు, 1858వ సంవత్సరమున హైడల్‌బర్గునకు మారెను. 1859వ సంవత్సరము డిసెంబరున ఓల్గా మరణించెను. ఇద్దరు చిన్నబిడ్డలతో ఆయన మిగిలెను. ఆ దుఃఖమును దిగమ్రింగుకొని పనిలో నిమగ్నుడయ్యెను. 1861వ సంవత్సరమున ఆన్నా అను విదుషీమణిని ద్వితీయవివాహము చేసికొనెను. దృష్టిని గూర్చిన ఆయన మహాగ్రంథము 1856 మొదలు 1867 వరకు భాగములుగా వెలువడెను. సంగీతధ్వనులను గూర్చిన గ్రంథము 1863లో ప్రకటితమయ్యెను. 1871వ సంవత్సరమున బెర్లిను విశ్వవిద్యాలయము ఆయనను భౌతికశాస్త్రాచార్యునిగా ఆహ్వానించెను. పదునేడేండ్ల ప్రాయమున పేదరికముచే మూయబడిన ద్వారము ఏబదియవ యేట తెరువబడెను. విద్యుత్తరంగములను కనుగొనిన హైన్రిక్ హెర్ట్జు అచ్చట ఆయన శిష్యుడే. 1888వ సంవత్సరమున ఆయన షార్లోటెన్‌బర్గునందలి జాతీయ భౌతిక సాంకేతిక సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యెను. నేత్రవైద్యులు గ్రాఫె పేర స్థాపించిన పతకమును 1886వ సంవత్సరమున మొట్టమొదట ఆయనకే సమర్పించిరి. ఆయన మాత్రము ఈ యంత్రనిర్మాణమున తన ప్రతిభ కంటె అదృష్టమే ఎక్కువయని వినయముతో చెప్పుకొనుచుండెను.

1893వ సంవత్సరమున అమెరికాలోని షికాగో ప్రదర్శనమునకు వెళ్లి మరలి వచ్చుచుండగా ఓడమెట్లపైనుండి పడి గాయపడెను. 1894వ సంవత్సరము జూలై నెలలో పక్షవాతము సంభవించెను. సెప్టెంబరు 8వ తేదీన డెబ్బదిమూడేండ్ల ప్రాయమున దేహము చాలించెను. కంటిలోని రక్తనాళములను లోకమునకు చూపినవాడు, ఆనాటికి ఎవ్వరికిని కానరాని మెదడులోని నాళముల వ్యాధిచేతనే అస్తమించెను.

వెలుగుతో రక్తప్రసరణమును పరీక్షించు విద్య ఆయనతో ఆగిపోలేదు. ఆయన సమకాలికుడగు కార్ల్ ఫియరోర్టు 1876వ సంవత్సరమున వ్రేలిగుండ ప్రసరించు వెలుగును వర్ణములుగా విడదీసి, వ్రేలికి రక్తము అందకుండ కట్టినపుడు ఆ వర్ణములు మారుటను గమనించెను. ప్రాణవాయువు నిండిన రక్తము వెలుగును ఒక విధముగను, అది తగ్గిన రక్తము మరియొక విధముగను పీల్చుకొనుటయే దీనికి కారణము. జపాను దేశస్థుడగు తకువో అయోయాగి, నాడి కొట్టుకొనునపుడు వ్రేలిలో మారు వెలుగును మాత్రమే లెక్కించు ఉపాయమును 1974వ సంవత్సరమున ప్రకటించెను. 2020, 2021 సంవత్సరములలో కోవిడు మహమ్మారి ప్రబలినపుడు మన యిండ్లలో వ్రేలికి తగిలించుకొనిన పల్స్ ఆక్సీమీటరు ఆ పరిశోధనకు ఫలమే. అది ఎర్రని కాంతిని, కంటికి కానరాని పరారుణ కాంతిని వ్రేలిగుండ పంపి లెక్క కట్టును. వ్రేలు చల్లబడియున్నను, గోటికి రంగు పూసియున్నను దాని అంకె తప్పవచ్చునని ఎరిగి వాడవలెను. 1972వ సంవత్సరమున లేసరు కిరణముతో రెటీనా నాళములలోని రక్తవేగమును కొలుచు పద్ధతియు, 1991వ సంవత్సరమున రెటీనా పొరలను ఒక్కొక్కటిగా వెలుగుతోనే చిత్రించు పద్ధతియు వెలువడినవి. వీనిలో దేనికిని కత్తి అక్కరలేదు.

విద్యార్థులారా! ఈ మహనీయుని జీవితమున గమనింపదగినది ఆయన బుద్ధివైభవము మాత్రమే కాదు. బల్లచాటున గీసిన గీతలు, విధిలేక చదివిన వైద్యము, జ్వరపు దినములలో మిగిలిన సొమ్ము, శిష్యులకై శ్రద్ధతో సిద్ధపరచిన ఒక పాఠము, ఇవి అన్నియు ఒకచోట కూడినపుడు ఆ యంత్రము పుట్టెను. అందరు చూచిన నల్లని కనుపాపనే ఆయనయు చూచెను. కాని అది ఏల నల్లగా ఉన్నదని అడిగెను. మీలో జ్ఞాపకశక్తి కొరవడినదని కుందువారు, కోరిన చదువు దొరకలేదని చింతించువారు ఈ చరిత్రమును మనస్సున ఉంచుకొందురు గాక.

తలిదండ్రులకు ఒక మనవి. మధుమేహము గలవారు చూపు బాగుగానే ఉన్నదని ఉపేక్షింపక, ఏటేట రెటీనాను పరీక్ష చేయించుకొనవలెను. ఏలయన చూపు తగ్గకమునుపే అచ్చటి నాళములు చెడుట ఆరంభింపవచ్చును. వైద్యుడు చిన్న దీపమును చేతబట్టి మీ కంటికి చేరువగా వంగినపుడు కదలక కొన్ని క్షణములు ఓర్చుకొనుడు. అట్టముక్కలతోను, గాజుబిళ్లలతోను ఒక బడిపంతులు కుమారుడు ఎనిమిది దినములు పడిన శ్రమవలననే ఆ వైద్యుడు మీ రక్తనాళములను చూడగలుగుచున్నాడు.